నీళ్లలో పాషాణాన్ని పసిగట్టే సూక్ష్మజీవి

ఏం చెల్లెమ్మలూ, బిందెలు నిండాయా? వేసవిలో ధానీఖారీ డ్యామ్‌ అడుగంటితే మన అండమాన్‌లోని డిగ్నాబాద్‌ ఆడవాళ్ల మాటలన్నీ నీళ్ల చుట్టూనే కదా! మా పక్కింటి బెంగాలీ దీదీ మాత్రం ఎన్ని నీళ్లొచ్చాయని అడగదు, ఎలాంటి నీళ్లొచ్చాయని అడుగుతుంది. వాళ్ల చుట్టాలది ఉత్తర 24 పరగణాలు. అక్కడి గొట్టపుబావుల్లో ఆర్సెనిక్‌, అదేనమ్మా పాషాణం, నేలలోంచే ఊరుతుంది.

దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మరిగించినా పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఏళ్ల తరబడి తాగాక అరచేతులూ అరికాళ్లూ గరుకెక్కి, ఒంటిమీద మచ్చలొస్తాయి. క్యాన్సర్‌ దాకా పోతుంది. కలకత్తాలో చర్మవైద్యులు డాక్టర్‌ కె.సి. సాహా 1983లో ఆ మచ్చలు చూసే నీళ్లను అనుమానించారు. అంటే మనుషుల ఒళ్లు పాడయ్యాకే బావి సంగతి బయటపడింది. నాకు అదే కడుపు తరుక్కుపోతుంది.

లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంత కొంచెం మన నాలుకకు తెలియదు గానీ బాక్టీరియాకు తెలుస్తుంది. ఈ విషంతో అది ఎప్పటినుంచో వేగుతోంది మరి. ఇ.కొలి అనే బాక్టీరియాలో ఆర్స్‌ఆర్‌ అనే ప్రోటీన్‌ ఉంది. మామూలప్పుడు అది డీఎన్‌ఏ మీద గడియలా పడి ఉంటుంది. ఆర్సెనిక్‌ వచ్చి తగలగానే గడియ ఊడుతుంది, విషాన్ని బయటికి తోసే జన్యువులు మేల్కొంటాయి. శాస్త్రవేత్తలు అక్కడే వెలుగునిచ్చే జన్యువును అతికించారు. విషం ఎంత ఉంటే వెలుగు అంత!

స్విట్జర్లాండ్‌లో యాన్‌ రూలోఫ్‌ వాన్‌ డెర్‌ మేర్‌ బృందం ఇలాంటి బాక్టీరియాను తయారుచేసింది. వియత్నాంలో ఎర్రనది, మెకాంగ్‌ డెల్టాల నుంచి తెచ్చిన 194 నీటి నమూనాల మీద పరీక్షించారు. ఫలితాలు 2005లో వచ్చాయి. విషమున్నా లేదని చెప్పినవి దాదాపు 8 శాతం. తాగే నీళ్ల విషయంలో ఆ 8 శాతం చిన్నదేం కాదు, అయినా ఖరీదైన యంత్రం లేని ఊళ్లకు ఇది పెద్ద ఆసరా అంటాను నేను. ఊళ్లలో నీళ్లు పరీక్షించే మామూలు ఫీల్డ్‌ కిట్‌లో పుట్టే ఆర్సీన్‌ వాయువే విషం, ఇందులో ఆ బెడద లేదు. అయితే జన్యువు మార్చిన జీవిని బయటికి వదలకూడదు. అందుకే దాన్ని మూసిన సీసాలోనే ఉంచి, పని అయ్యాక చంపేయాలి. అది ఇంకా మన వీధుల దాకా రాకపోవడానికి ఈ జాగ్రత్తలూ ఒక కారణం.

అందాకా మనం చేయగలిగింది ఉంది. ఫిల్టర్లు అమ్మేవాళ్లు చూపించే టీడీఎస్‌ మీటర్‌ను నమ్మి ఊరుకోకండి, అది ఆర్సెనిక్‌ను పట్టుకోలేదు. మీకో, మెయిన్‌ల్యాండ్‌లో మీవాళ్లకో బోరు ఉంటే ఆ నీళ్లను ప్రభుత్వ నీటి పరీక్షల ల్యాబ్‌కు పంపండి. పంపేటప్పుడు ఆర్సెనిక్‌ పరీక్ష కూడా చేయమని పేరుపెట్టి అడగండి, చెల్లెమ్మలూ.