బల్లమీది ఆటగాడు

విజయవాడలో బెంజ్ సర్కిల్ కడ నిలిచి చూచినచో త్రోవలు నాలుగు దిక్కులకును పోవుచుండుట కానవచ్చును. చెన్నైనుండి కలకత్తాకు పోవు పెద్ద రహదారిని బందరు రోడ్డు ఇచ్చటనే కలిసికొనును. వంతెనమీద లారీలును, క్రింద ఆటోలును క్షణమైన విరామము లేక పరుగిడుచుండును. ఆ రొదకు కొంచెము ఎడముగా నున్న ఒక పాఠశాల ఆటస్థలమున ప్రతి సాయంకాలమును బాలురు బాస్కెట్‌బాల్ ఆడుచుందురు.

ఒకనాడు నేనచ్చట కూర్చుండియుండగా ఒక బాలుని తండ్రి వ్యాయామోపాధ్యాయుని కడకు వచ్చెను. "మాస్టారూ! మావాడు రెండేండ్లనుండి తెల్లవారుజామున లేచి సాధన చేయుచున్నాడు. పోటీనాడు మాత్రము మీరు వానిని బల్లమీద కూర్చుండబెట్టుచున్నారు. మొన్న మొత్తము ఆటలో ఆరు నిమిషములు ఆడినాడు. వానిలో పస లేదని మీకు తోచినచో ఇప్పుడే చెప్పండి. ఆట మాన్పించి చదువులో పెట్టెదను" అనెను. బాలుడు స్తంభము చాటున నిలిచి నేలచూపులు చూచుచుండెను.

మాస్టారు వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి, "మీరడిగినది ఒక ప్రశ్న కాదండీ, మూడు ప్రశ్నలు. వీడు నేడెంత ఆడగలడు? జట్టునకు వీనివలన ఏ పని కావలయును? రెండేండ్ల పిమ్మట వీడేమి కాగలడు? మూడింటికిని ఒకటే జవాబు ఉండదు" అనెను.

విద్యార్థులారా! ఆ తండ్రి మాటలో అన్యాయమేమియు లేదు. కాని ఆరు నిమిషములన్నది ఎట్లు వచ్చినదో ముందు లెక్కకట్టి చూతము. ఈ ఆటను 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు ఇంటిలోపల ఆడుకొనుటకై కల్పించెను. పండ్లబుట్టలే నాటి గోలులు. ప్రక్కకు తొమ్మిదిమంది చొప్పున ఆడిరి. నేటి అంతర్జాతీయ నియమములప్రకారము జట్టున 12 మంది ఉందురు. ఒక్కమాఱు ఐదుగురే ఆడుదురు. ఆట పది నిమిషముల చొప్పున నాలుగు భాగములు, అనగా 40 నిమిషములు. ఐదుగురిని 40 చేత గుణింపగా 200 నిమిషములు. జట్టునకున్న ఆస్తి అంతయు ఇదియే. ముఖ్యులైన ఐదుగురు ముప్పదేసి నిమిషములు ఆడినచో 150 వ్యయమగును. మిగిలిన ఏబది నిమిషములను ఏడుగురు పంచుకొనవలెను. ఆరేడు నిమిషములు వచ్చిన బాలుడు అవమానింపబడినట్లు కాదు; అది భాగహారము.

ఇక యోగ్యతను కొలుచుట ఎట్లు? ఒకడు 30 నిమిషములాడి 12 పాయింట్లు చేసెననియు, వేఱొకడు 6 నిమిషములలో 4 చేసెననియు అనుకొందము. నిమిషముల లెక్కన పెంచి చూచినచో మొదటివానికి 40 నిమిషములకు 16 పాయింట్లు, రెండవవానికి దాదాపు 27 వచ్చును. రెండవవాడే మేలని తీర్పు చెప్పవచ్చునా? తొందరపడరాదు. అతడు దిగునప్పటికి ఎదుటివారు అలసియుండవచ్చును. ఆట ఫలితము తేలిపోయి వారును తమ బల్లమీది వారినే దింపియుండవచ్చును. రెండు బంతులు అదృష్టవశమున బుట్టలో పడినను నాలుగు పాయింట్లే గదా! అందుచేత అనుభవజ్ఞులైన శిక్షకులు మఱియొక లెక్క వ్రాసికొందురు: ఈ బాలుడు మైదానమున నున్నంతసేపు మన జట్టు ఎన్ని చేసెను, ఎదుటి జట్టు ఎన్ని చేసెను? ఇదియు సంపూర్ణము కాదు. తోడి నలుగురు ఎవరను దానినిబట్టి అదియు మారును. బంతి పోగానే వెనుకకు పరుగెత్తినవాడు, బుట్ట క్రింద ఎదుటివానిని అడ్డగించి నిలిచి తోటివానికి బంతి దక్కనిచ్చినవాడు ఏ పట్టికలోను కానరాడు. పత్రికలవారు పాయింట్లు మాత్రమే అచ్చువేయుదురు. పాపము, వారికి చోటు తక్కువ.

1978లో అమెరికాలోని విల్మింగ్టన్ పట్టణమున లేనీ ఉన్నత పాఠశాలలో ఒక బాలునికి పెద్ద జట్టులో చోటు దొరకలేదు. జట్టునకు పొడగరి కావలసివచ్చెను. అతనికంటె ఎంతయో పొడవైన లీరాయ్ స్మిత్ అను సహాధ్యాయిని తీసికొనిరి. బాలుడు దుఃఖించెను. కాని చిన్న జట్టులో అతడు బల్లమీద కూర్చుండలేదు. ఆడెను, విశేషముగా ఆడెను. ఎత్తును పెరిగెను. మఱుసటియేడు పెద్ద జట్టులో చేరెను. అతడే మైకేల్ జోర్డాన్. శిక్షకుడు ఆ యేటి అవసరమును చూచుకొనెను. అది తప్పని నేననజాలను.

మన తెలుగునాట ఇట్టి చిక్కే క్రికెట్టునందు వచ్చినది. 1974లో హైదరాబాదున జన్మించిన వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్ 1996 నవంబరులో తొలి టెస్టు ఆడెను. ఆయన నడిమి వరుసకు చెందిన బ్యాట్స్‌మన్. ఆ వరుసలో టెండూల్కర్, ద్రావిడ్, గంగూలీ ఉండుటచే ఖాళీ లేదు. కావున ఆయనను ఆరంభ స్థానమునకు పంపిరి. మెఱయు కొత్త బంతి నెదుర్కొనుట వేరొక విద్య. 2000 జనవరిలో సిడ్నీయందు ఆ స్థానమునుండియే ఆయన 167 పరుగులు చేసెను. జట్టు మొత్తము 261 మాత్రమే. అయినను అది తన చోటు కాదని గ్రహించి, జట్టునుండి దూరమైనను సరే, ఇకమీదట ఆరంభకుడుగా ఆడనని నిశ్చయించుకొనెను. 1999-2000 రంజీ పోటీలలో హైదరాబాదు పక్షమున 1415 పరుగులు చేసెను. అందు కర్ణాటకపై చేసిన 353 ఒకటి.

2001 మార్చిలో కలకత్తాయందు ఆస్ట్రేలియా 445 పరుగులు చేయగా భారతజట్టు 171కే కూలెను. ఆఱవ స్థానమున దిగిన లక్ష్మణ్ 59 చేసి చివరివాడై వెనుదిరిగెను. ఫాలో ఆన్ తప్పలేదు. శిక్షకుడు జాన్ రైట్ ఆయనను కాళ్ల ప్యాడ్లు విప్పవలదని చెప్పి, ఈమాఱు మూడవ స్థానమున పంపెను. ఎన్నాళ్లనుండియో మూడవవాడైన ద్రావిడ్ ఆఱవ స్థానమునకు దిగెను. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. నాలుగవనాడు దినమంతయు వారిరువురే ఆడిరి. భారతజట్టు 171 పరుగుల తేడాతో గెలిచెను. ఆటగాడు మారలేదు, ఎదుటివారు మారలేదు, మారినది స్థానము.

కథ ఇంతటితో సుఖాంతమైనదని తలపకుడు. బెంజ్ సర్కిల్‌నుండి బందరు రోడ్డున పడమరగా పోయినచో ఇందిరాగాంధీ క్రీడాస్థలము వచ్చును. 2002 నవంబరు 24న అచ్చట వెస్టిండీస్‌వారు మనవారిని ఓడించి, ఏడు ఆటల వరుసను 4-3గా గెలిచిరి. కొన్ని వారములకు ప్రపంచకప్ జట్టును ప్రకటింపగా అందు లక్ష్మణ్ పేరు లేదు. ఆ చోటు దినేశ్ మోంగియాకు దక్కెను. 134 టెస్టులాడి 8781 పరుగులు చేసి 2012లో విరమించిన లక్ష్మణ్ ఒక్క ప్రపంచకప్ ఆటయు ఆడలేదు. 2003 కప్పులో మనవారు తుదిపోటీవరకు పోయిరి గనుక, ఎంపిక చేసినవారిని పూర్తిగా తప్పుపట్టుటయు సులభము కాదు.

ఆ సాయంకాలము మాస్టారు తన నోటుపుస్తకము తెఱచి తండ్రికి చూపెను. "వీనిని నేను బుట్ట క్రింద నిలుపుచుంటిని. పొట్టివాడు, అచ్చట నలిగిపోవుచున్నాడు. ఆ తప్పు నాది. బంతిని నడిపించుకొని పోవుటలో వీనికి నేర్పున్నది. పెద్ద జట్టులో ఆ పనికి ఇరువురున్నారు. ఈ యేడు రెండవ జట్టులో ఆట మొత్తము ఆడనిండు. ఏమి కాగలడో నేను మాట ఈయలేను. ఆడనిదే వానికిని తెలియదు, నాకును తెలియదు" అనెను.

తండ్రి కొంతసేపు ఊరకుండి, "రెండవ జట్టన్నచో వానికి చిన్నతనముగా నుండదా?" అని అడిగెను.

"వానినే అడుగుదము" అని మాస్టారు స్తంభమువైపు తిరిగెను. బాలుడు మెల్లగా ఇవతలికి వచ్చెను.

"ఆ జట్టు సాధన ఎన్ని గంటలకు, మాస్టారూ?"