పాత పికప్ ఛాసిస్‌ను పొట్టి చేయడం – ఒక పాఠం



మేము ఇప్పుడు ఫిజిక్స్‌లో పి.జి. చదువుతున్నాము. కానీ మాకు మొదటి లాబొరేటరీ గాజువాక ఆటోనగర్. మా నాన్న అక్కడ వెల్డింగ్ పని చేస్తాడు. ఆయన చదివింది మూడో తరగతి. ఒకసారి ఒకాయన పాత పికప్ తెచ్చి, "సందుల్లో తిరగట్లేదు, మధ్యలో అర మీటరు కోసి అతికించు" అన్నాడు. నాన్న వద్దన్నాడు. ఎందుకు వద్దో మాటల్లో చెప్పలేకపోయాడు. బండి వేరే షెడ్డుకు పోయింది. కొన్ని నెలలకు సరుకుతో ఘాట్ దిగుతుండగా అతుకు దగ్గర పగిలింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ రోజు నాన్న చెప్పలేకపోయిన కారణమే ఈ పాఠం.

ఫ్రేమ్ అంటే ఏమిటి?

బండికి ఫ్రేమ్ వెన్నెముక వంటిది. రెండు పొడవాటి దూలాలు, వాటిని కలిపే అడ్డ దూలాలు ఉంటాయి. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య దూరమే వీల్ బేస్. 1947లో అమెరికాలో వచ్చిన విల్లీస్ జీప్ పికప్ వీల్ బేస్ 118 అంగుళాలు, అంటే సుమారు 3 మీటర్లు. అదే కంపెనీ యుద్ధకాలపు జీపుది 80 అంగుళాలే.

లాభం, నష్టం

3 మీటర్ల వీల్ బేస్‌ను 2.5 మీటర్లు చేశామనుకుందాం. ముందు చక్రం 30 డిగ్రీలు తిరిగితే, మలుపు వ్యాసార్థం సుమారు 6 మీటర్ల నుండి 5 మీటర్లకు తగ్గుతుంది. దూలం మధ్యలో 10,000 న్యూటన్ల బరువు ఉంటే, వంచే బలం (బరువు × పొడవు ÷ 4) 7,500 నుండి 6,250 న్యూటన్ మీటర్లకు తగ్గుతుంది. అంటే పొట్టి దూలం బలహీనం కాదు. అతుకే బలహీనం.

ఇక బ్రేకు సంగతి. 1,500 కిలోల బండి, గరిమనాభి ఎత్తు 0.7 మీటర్లు, వేగం తగ్గే రేటు సెకనుకు సెకనుకు 5 మీటర్లు అనుకుందాం. వెనుక నుండి ముందు చక్రాలకు మారే భారం 1,750 న్యూటన్ల నుండి 2,100కు పెరుగుతుంది. అంటే 20 శాతం ఎక్కువ. వెనుక చక్రాలు తేలికై జారుతాయి. ఘాట్ రోడ్డులో ఇదే ప్రమాదం.

పని తెలిసినవారు పాటించే పద్ధతి

1. బండిని సమతలం మీద నిలిపి, ఫ్రేమ్‌కు కోతకు ఇరుపక్కలా ఆనికలు పెట్టాలి. బ్యాటరీ తీగలు ఊడదీయాలి.
2. కోత క్యాబిన్‌కు, వెనుక కమాను కట్టకు మధ్య, దూలం తిన్నగా ఉన్నచోట వేయాలి. కమాను బ్రాకెట్ దగ్గర, ఫ్రేమ్ వంపు దగ్గర కోయరాదు.
3. నిలువుగా కాక మెట్టులా కోయాలి. అప్పుడు అతుకంతా ఒకే గీతలో ఉండదు. దూలం పై అంచు, కింద అంచు ఎక్కువ ఒత్తిడి మోస్తాయి.
4. అంచులు ఏటవాలుగా గ్రైండ్ చేసి, లోతుగా వెల్డింగ్ చేసి, లోపల బలపు పలక వేయాలి. ఒకేచోట వేడెక్కిస్తే ఫ్రేమ్ వంకరపోతుంది.
5. మూల నుండి మూలకు దారం పట్టి రెండు కర్ణాలూ కొలవాలి. సమానం కాకపోతే ఫ్రేమ్ వంకర ఉన్నట్టే.
6. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను అంతే మేర తగ్గించి, తిరిగి బ్యాలెన్స్ చేయించాలి. బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు కేబుల్ సరిచేయాలి. వెనుక తొట్టి కూడా తగ్గించాలి. లేకుంటే బరువు వెనుక ఇరుసు దాటి, స్టీరింగ్ తేలిపోతుంది.

నాన్న దారంతో కర్ణాలు కొలవడం మేము చిన్నప్పుడే చూశాము. హైస్కూల్లో దీర్ఘచతురస్రం పాఠం వచ్చినప్పుడు గానీ అది జ్యామితి అని మాకు తెలియలేదు.

చట్టం ఏమంటుంది?

వీల్ బేస్ ఆర్.సి.లో నమోదవుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టంలో, ఇలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని ఉంది. కనుక ఈ పాఠం తెలుసుకోవడానికే. రోడ్డు మీద తిరిగే బండి మీద ప్రయోగానికి కాదు.

ఈ లెక్కలన్నీ ఒక సెలవు రోజున నాన్నకు చదివి వినిపించాము. ఆయన విని, "కొయ్యడం ఎవడైనా కోస్తాడ్రా, ఎక్కడ కొయ్యకూడదో తెలియాలి" అన్నాడు. మేము నాలుగు పేజీల్లో రాసినది ఆయనకు ముందే తెలుసు.

తమ్ముళ్ళూ, మీ ఇళ్ళలోనూ పోర్టులో, స్టీలు ప్లాంటులో, షెడ్లలో పనిచేసేవారు ఉంటారు. సెలవుల్లో వారి పక్కన కూర్చుని, ఎందుకు అలా చేస్తున్నారో అడగండి. విన్నది నోటు పుస్తకంలో రాయండి. ఆ రోజు నాన్న చేతిలో ఇలాంటి ఒక్క కాగితం ఉంటే, ఆ బండి యజమాని ఆగి ఆలోచించేవాడేమో.