తేలని రిపోర్టు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. నోటి, గొంతు క్యాన్సర్లకు చికిత్స పూర్తయింది. చెకప్‌లో స్కాన్ తీశారు. రిపోర్టు క్యాన్సర్ ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. అందుకే ఈ పేజీ మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మా వారికి 56 ఏళ్లు. నాలుక మొదట్లో క్యాన్సర్ వస్తే 35 సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టారు, వారానికోసారి కీమో ఇచ్చారు. అయిపోయి మూడు నెలలు దాటింది. మొన్న పెట్ స్కాన్ తీయించాం. నాలుక దగ్గర ఏమీ లేదట. మెడ కుడివైపు బిళ్ళ బాగా తగ్గింది గానీ ‘అందులో కొద్దిపాటి చురుకుదనం ఉంది, చికిత్స వల్ల వచ్చిన వాపు కావచ్చు, మిగిలిపోయిన వ్యాధి కావచ్చు’ అని రాశారు. ఎస్‌యూవీ 3.2 అని ఉంది. డాక్టరు గారు ‘కొన్ని వారాలు ఆగి మళ్లీ చూద్దాం’ అన్నారు. అనుమానం ఉన్నప్పుడు ఎలా ఆగుతారండీ? ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేయొచ్చు కదా? నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఆయన మాత్రం నోరు విప్పి ఒక్క మాట అనరు.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ డాక్టరు గారు ఆగమన్నది నిర్లక్ష్యంతో కాదు. పెట్ స్కాన్‌కు క్యాన్సర్‌ను నేరుగా గుర్తుపట్టే శక్తి లేదు. చక్కెరలాంటి పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికత జోడించి నరంలోకి ఎక్కిస్తారు. ఏ కణాలు దాన్ని ఎక్కువగా లాక్కుంటే అవి స్కాన్‌లో మెరుస్తాయి. క్యాన్సర్ కణాలు అలా లాక్కుంటాయి. చీము పట్టినచోట, పుండు మానుతున్నచోట ఉండే కణాలూ అలాగే లాక్కుంటాయి. కరెంటు పెట్టడం ఆగినా లోపల దాని పని వెంటనే ఆగదు. చచ్చిన కణాలను ఒళ్లు తొలగించుకోవడానికి, దెబ్బతిన్న చోటును బాగుచేసుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే చికిత్స ముగిసి 12 వారాలు నిండాకే ఈ స్కాన్ తీస్తారు. కొందరికి ఆ 12 వారాలూ చాలవు.

ఇక ఎస్‌యూవీ, అంటే ఆ మెరుపు ఎంతో చెప్పే అంకె. ఆ అంకె పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికారని మీ ఉత్తరం చదివితేనే అర్థమైంది. రోగి బరువు, ఆ రోజు రక్తంలో చక్కెర, మందు ఎక్కించాక ఎంతసేపటికి స్కాన్ తీశారు, యంత్రం ఏది అన్నవాటిని బట్టి అది మారుతుంది. ఇంత దాటితే క్యాన్సర్, లోపుంటే కాదు అనే గీత ఏదీ లేదు. పక్కనున్న రక్తనాళాలతో, కాలేయంతో పోలిస్తే ఎంత మెరుస్తోంది, మెరుపు ఒకచోట గుండ్రంగా ఉందా, పరుచుకున్నట్టుందా, బిళ్ళ సైజు తగ్గిందా అని అన్నీ కలిపి చూస్తారు. మీ వారి బిళ్ళ బాగా తగ్గింది, నాలుక దగ్గర ఏమీ లేదు. రిపోర్టులో ఆ రెండు వాక్యాలూ ఉన్నాయి. భయంలో మనం వాటిని చదవం.

ఆపరేషన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఒకప్పుడు మెడలో పెద్ద బిళ్ళలున్నవాళ్లకు కరెంటు అయ్యాక మెడ ఆపరేషన్ కూడా చేసేసేవారు. అది అందరికీ అవసరమా అని బ్రిటన్‌లో 564 మంది మీద పెట్-నెక్ అనే అధ్యయనం జరిపి, ఫలితాలు 2016లో ప్రకటించారు. సగం మందికి ఆపరేషన్ చేయాలని ముందే నిర్ణయించారు. మిగతా సగానికి 12 వారాలకు పెట్ స్కాన్ తీసి, అవసరమైనవారికే చేశారు. రెండేళ్ల నాటికి బతికున్నవారు ఆపరేషన్ గుంపులో 81.5 శాతం, స్కాన్ గుంపులో 84.9 శాతం. జరిగిన మెడ ఆపరేషన్లు మొదటి గుంపులో 221, రెండో గుంపులో 54. స్కాన్‌ను నమ్ముకున్నందువల్ల ప్రాణాలకు నష్టం రాలేదు. చాలామందికి భుజం లేవకపోవడం, మెడ బిగుసుకోవడం లాంటి బాధలు తప్పాయి.

అయితే ఒక సంగతి మీ దగ్గర దాచను. మీ వారికి వచ్చినట్టు ఎటూ తేలని రిపోర్టు వస్తే ఆ అధ్యయనంలో ఆపరేషనే చేశారు. ఆ తర్వాతి అనుభవంలో, హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్లలో బిళ్ళలు నెమ్మదిగా కరుగుతాయనీ, కొన్ని వారాలు ఆగి మళ్లీ చూస్తే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేకుండా పోతోందనీ తెలిసింది. మన దగ్గర గొంతు క్యాన్సర్లు ఎక్కువగా పొగాకు వల్ల వచ్చేవి. వాటిలో డాక్టర్లు అంత నిదానంగా ఉండరు. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘ముక్క పరీక్షలో హెచ్‌పీవీ జాడ చెప్పే పీ16 చూశారా? ఏం వచ్చింది?’ రెండోది: ‘అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆ బిళ్ళకు సూది పరీక్ష ఇప్పుడే చేయొచ్చా? చేస్తే వచ్చే జవాబును ఎంతవరకు నమ్మొచ్చు?’ కరెంటు పడిన బిళ్ళలో సూది పరీక్ష ఒక్కోసారి ఏమీ తేల్చదు, అందుకే రెండో సగం కూడా అడగమంటున్నాను. తర్వాత, ‘మళ్లీ స్కాన్ ఏ తేదీన? ఈలోపు ఏం కనిపిస్తే ఆగకుండా రావాలి? వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?’

జవాబులు కాగితం మీద రాయించుకోండి. తేదీ, తర్వాతి పరీక్ష, ఫోన్ ఎత్తే మనిషి, ఈ మూడూ చేతిలో ఉంటే ‘ఆగి చూద్దాం’ అన్నది చికిత్సలో భాగమే. తేదీ లేని ‘చూద్దాం’ మాత్రం ఒప్పుకుని ఇంటికి రావద్దు.

మీ వారి మౌనాన్ని పూర్తిగా దిగులు కింద లెక్కవేయకండి. నాలుక మొదట్లో కరెంటు పడ్డవాళ్లకు ఉమ్మి ఊరక నోరు ఎండిపోతుంది. నాలుగు మాటలు మాట్లాడేసరికి గొంతు పట్టేస్తుంది. పక్కన నీళ్ల సీసా పెట్టి, అవునూ కాదూ అని తల ఊపితే సరిపోయే ప్రశ్నలు వేసి చూడండి. ‘స్కాన్ రోజు నేనూ లోపలికి వస్తాను, సరేనా?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ తాగే అలవాటు. నిరుడు అంగిలికి క్యాన్సర్ వస్తే విశాఖలో ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉందన్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ తీద్దామన్నారు. అమ్మతో ‘అంతా బాగుంది’ అని చెప్పేశాం. తమ్ముడు అలాగే ఉండనిమ్మంటున్నాడు. నాకు మనసు ఒప్పుకోవడం లేదు.
– శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ మనసు చెప్పేదే సరైనదని నా అభిప్రాయం, బాబూ. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకునే ఈ అలవాటు మీ వైపు ఆడవాళ్లలో తరతరాలుగా ఉంది. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి, ఊపిరితిత్తులనూ వదలవు. అందుకే ఆ మచ్చను డాక్టర్లు తేలిగ్గా వదిలేయలేదు. మన దేశంలో ఊపిరితిత్తిలో మచ్చ కనిపిస్తే ఎప్పుడో వచ్చి మానిన టీబీ గుర్తు కావచ్చు, ఇప్పుడున్న టీబీ కావచ్చు, మామూలు ఇన్ఫెక్షన్ కావచ్చు. పాత క్యాన్సర్ పాకినదో, పొగ వల్ల కొత్తగా పుట్టినదో కూడా కావచ్చు. మరీ చిన్న మచ్చకు సూది వేయడం కష్టం. పెరుగుతోందా, అలాగే ఉందా అన్నదే దాని గుట్టు విప్పుతుంది, దానికి మూడు నెలలు కావాలి. పాత ఎక్స్‌రేలు, స్కాన్లు ఇంట్లో ఎక్కడున్నా వెతికి తీసుకెళ్లండి. అదే మచ్చ అప్పుడూ ఉండి ఉంటే సగం ప్రశ్న ఇప్పుడే తీరుతుంది. దగ్గుంటే గళ్ల పరీక్ష చేయించమని అడగండి.

అమ్మకు చెప్పకపోతే ఏమవుతుంది? రేపు దగ్గులో రక్తపు చార కనిపిస్తే, ‘అంతా బాగుందన్నారు కదా’ అని ఆవిడ మీతో చెప్పదు. బరువు తగ్గుతున్నా చెప్పదు. చుట్ట మానాల్సిన అవసరం ఉందనీ అనుకోదు. పైగా మీరు గుసగుసలాడుకోవడం ఆవిడ చూస్తూనే ఉంటుంది. ఇలాంటి ఇళ్లలో పెద్దవాళ్లకు ఏమీ తెలియకుండా ఉండటం నేను చాలా తక్కువగా చూశాను. తెలిసినా పిల్లల కోసం తెలియనట్టు ఉంటారు.

మొత్తం ఒకేసారి చెప్పాలని లేదు. ముందు, ‘అమ్మా, స్కాన్‌లో ఏం రాశారో నీకు చెప్పమంటావా, మమ్మల్నే చూసుకోమంటావా?’ అని అడగండి. చెప్పమంటే ఇంత చాలు: ‘ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉందమ్మా. అదేంటో ఇప్పుడే చెప్పలేమన్నారు. మూడు నెలలకు ఇంకోసారి ఫొటో తీస్తారు. ఈలోపు దగ్గు పెరిగినా, రక్తం పడినా, ఆయాసం వచ్చినా వెంటనే మాకు చెప్పాలి.’ ఇందులో అబద్ధం లేదు, లేనిపోని భయమూ లేదు. వద్దు, మీరే చూసుకోండి అంటే ఆ మాటనూ గౌరవించండి. కానీ చివరి వాక్యం మాత్రం తప్పక చెప్పండి. తమ్ముణ్ని తర్వాతి చెకప్‌కు వెంటబెట్టుకెళ్లండి. డాక్టరు నోట విన్నాక ఇంట్లో వాదనలు తగ్గుతాయి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గుట్కా వల్ల బుగ్గ క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి తొడ కండతో అతుకు వేశారు, కరెంటూ పెట్టారు. అయ్యి 14 నెలలు. పోయినసారి అతుకు అంచున ఎర్రగా ఉందని, వచ్చేసారి చూద్దామని అన్నారు. అప్పటి నుంచి రోజంతా మెడ తడుముకుంటూనే ఉంటున్నాను. ఒకచోట గట్టిగా తగులుతోంది. చెకప్ వారం ముందు నుంచి అన్నం సహించదు. ఇంకో మాట, ఆ భయంలో రెండుసార్లు గుట్కా వేసుకున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు.
– పేరు వద్దు, వరంగల్

జవాబు: తమ్ముడూ, చివరి మాట రాయడం నీకు ఎంత కష్టమై ఉంటుందో తెలుసు. అదే మాట డాక్టరుకూ చెప్పు. నిన్ను తిట్టి పంపేయరు. అతుకు అంచు ఎర్రబడటానికి కారణం వెతికేటప్పుడు ఆ సమాచారం వాళ్లకు కావాలి. మానడానికి జాతీయ పొగాకు క్విట్‌లైన్ ఉంది, 1800-11-2356, డబ్బులేమీ పడవు. రెండుసార్లు వేసుకున్నంత మాత్రాన చేసిన చికిత్సంతా వృథా అయిపోయిందనుకుని మూడోసారి వేసుకోకు.

ఎరుపుకు కారణాలు చాలా ఉంటాయి. పంటి రాపిడి, నోట్లో ఫంగస్, కరెంటు పడ్డ చర్మం పలచబడటం, అన్నీ అలాగే కనిపిస్తాయి. కానీ ఎరుపు పుండుగా మారినా, ముట్టుకుంటే రక్తం వచ్చినా, రెండు మూడు వారాల్లో మానకపోయినా తర్వాతి తేదీ దాకా కూర్చోవద్దు. నోరు తెరిచే వెడల్పు తగ్గిపోతున్నా, చెవిలోకి పోటు వస్తున్నా, పన్ను కదిలినా అంతే. పన్ను మాత్రం ఊళ్లో పీకించుకోకు. కరెంటు పడ్డ దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది. ముందు క్యాన్సర్ డాక్టరుకు చూపించు.

మెడలో చేతికి తగిలే గట్టిదనం చాలాసార్లు గొంతు ఎముక కొన, మిగిలిన లాలాజల గ్రంథి, కుట్ల కింద బిగిసిన కండ. రోజుకు ఇన్నిసార్లు నొక్కితే అక్కడ నొప్పీ వాపూ పుడతాయి. అప్పుడు ఏది దేనివల్లో డాక్టరుకే తెలియకుండా పోతుంది. నెలకు ఒక రోజు పెట్టుకో. అద్దం ముందు టార్చి వేసి నోరు చూసుకో, రెండు వైపులా మెడ మెల్లగా తడుముకో, కనిపించింది పుస్తకంలో రాసుకో. మిగతా రోజుల్లో చెయ్యి అటు పోతే తీసెయ్యి. తగులుతున్న ఆ గట్టి చోటును ఈసారి డాక్టరు చేతికే అందించి, ‘ఇదేంటి?’ అని అడుగు.

తిండి సహించకపోవడం, నీరసం, ఏడుపు రావడం కేవలం భయమే కాకపోవచ్చు. మెడకు కరెంటు పడ్డవారిలో థైరాయిడ్ మందగించడం చాలా మామూలు, అది నెలల తర్వాత వస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో టీఎస్‌హెచ్ రక్తపరీక్ష తప్పక చేయించుకోవాలి. ఒక మాత్రతో సర్దుకునే బాధను మనసు బలహీనతగా తీసుకుని మోసేవాళ్లున్నారు. థైరాయిడ్ బాగుండి కూడా నిద్ర పట్టకపోతే, బతుకు మీద విరక్తి లాంటి ఆలోచనలు వస్తే, మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చెయ్యి. తెలుగులో మాట్లాడతారు.

ఇంకో సంగతి. ఈ క్యాన్సర్లు తిరగబెడితే చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడతాయి. అందుకే ఇప్పుడు చెకప్‌లు దగ్గరదగ్గరగా పెడతారు. తరచూ పిలుస్తున్నారంటే ఏదో ఉందని అర్థం కాదు. నువ్వున్న కాలానికి ఉండాల్సిన షెడ్యూలే అది.

ప్రశ్న: నాన్నగారు రాజమండ్రిలో, నేను డల్లాస్‌లో. ఆయన స్కాన్ ‘అనుమానాస్పదం’ అని వచ్చింది. హైదరాబాద్‌లో వేరే ఆసుపత్రిలో వెంటనే ఇంకో పెట్ స్కాన్ తీయించమంటున్నాను. రాజమండ్రి డాక్టరు వద్దంటున్నారు.

జవాబు: రెండో అభిప్రాయం తీసుకోండి, రెండో స్కాన్ వద్దు. వారం తేడాతో వేరే యంత్రం మీద తీస్తే అదే సందేహం కొంచెం వేరే అంకెతో వస్తుంది, రెండింటినీ పోల్చడానికీ కుదరదు. స్కాన్ బొమ్మలున్న సీడీ, ముక్క పరీక్ష స్లైడ్లు, మైనపు దిమ్మెలు, ఎంత కరెంటు ఎక్కడ పెట్టారో చెప్పే కాగితం, ఈ నాలుగూ పంపించి, తల, మెడ క్యాన్సర్లే చూసే డాక్టర్ల బోర్డులో పెట్టమని అడగండి. అక్కడ సర్జనూ, రేడియేషన్ డాక్టరూ, రేడియాలజిస్టూ కలిసి చూస్తారు. ప్రయాణం ముసలాయనకు తప్పుతుంది. దూరాన ఉన్నవారి ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ రోజూ రాత్రి ఫోన్‌లో ‘రిపోర్టు ఏమైంది’ అని కాకుండా ‘ఏం తిన్నారు, మింగుడు పడుతోందా’ అని అడగండి. బరువు తగ్గుతున్న విషయం ముందు మీకే తెలుస్తుంది.

ప్రశ్న: క్యాన్సర్ చక్కెర తింటుందని పెట్ స్కాన్‌లోనే తెలుస్తోంది కదా. మళ్లీ స్కాన్ లోపు తీపి, అన్నం మానేస్తే ఆ మెరుపు పోతుందా?

జవాబు: పోదు. మీరు మానేసినా ఒళ్లు తన కండను కరిగించి అయినా రక్తంలో చక్కెరను నిలబెట్టుకుంటుంది. నోటి, గొంతు చికిత్స తర్వాత అసలే బరువు తగ్గి ఉంటారు, అన్నం మానితే ఇంకా చిక్కిపోతారు. స్కాన్ రోజు మాత్రం వాళ్లు చెప్పినంతసేపు, సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు, ఏమీ తినకుండా ఉండాలి. నీళ్లు తాగవచ్చు. షుగర్ ఉన్నవారు ఇన్సులిన్ ఎప్పుడు తీసుకోవాలో ముందే అడిగి తెలుసుకోవాలి. మందు ఎక్కించాక స్కాన్ అయ్యేదాకా మాట్లాడకుండా, ఏమీ నమలకుండా ఉండండి. గొంతు, దవడ కండరాలు పనిచేస్తే అవి కూడా మెరిసి, మళ్లీ ఒక తేలని రిపోర్టు వస్తుంది. ఆ మధ్య జలుబు, పంటి చీము, గొంతు నొప్పి ఏదైనా వచ్చి ఉంటే స్కాన్ తీసేవారికి ముందే చెప్పండి.