సముద్రపు కట్ట చూసొచ్చిన దంపతులు

కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట దివిసీమ ఉంది. నేల పల్లం. వరి బాగా పండుతుంది. కానీ సముద్రం దగ్గర.

ఆ సీమలో ఒక రైతు దంపతులు ఉన్నారు. పెద్దాయనకు 72 ఏళ్లు. పెద్దమ్మకు 68 ఏళ్లు. ఇప్పుడు వ్యవసాయం మానేశారు. పొలం కౌలుకిచ్చారు. వాళ్లకు ఒక కోరిక ఉండేది. అది నలభై ఏళ్లకు పైబడిన కోరిక.

ఆ కోరిక ఎలా పుట్టింది?

1977 నవంబరు 19. శనివారం. ఆ రోజు దివిసీమను పెద్ద తుఫాను కొట్టింది. తాటిచెట్టంత అలలు వచ్చాయని ఇప్పటికీ పెద్దలు చెబుతారు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కలోనే పది వేల మంది దాకా చనిపోయారు. పశువులు లెక్కలేనన్ని పోయాయి.

పెద్దాయన తాటిచెట్టు పట్టుకుని బతికాడు. పెద్దమ్మ గడ్డివాము మీద కొట్టుకుపోయి బతికింది. మూడేళ్ల కొడుకు దక్కలేదు. ఆ బిడ్డకు ఫోటో లేదు. సాయం ఇచ్చినప్పుడు ఏదో కాగితం ముందు పెట్టారు. అందులో ఏం రాశారో పెద్దమ్మకు తెలీదు. అప్పటికి ఆమెకు చదువు రాదు. వేలిముద్ర వేసింది.

తుఫాను తర్వాత సాయం చేయడానికి చాలామంది వచ్చారు. వాళ్లలో ఒకాయన ఒక మాట చెప్పాడు. "ఐరోపాలో హాలండ్ అని ఒక దేశం ఉంది. అక్కడ పొలాలు సముద్రం కంటే పల్లంలో ఉంటాయి. కట్టలు కట్టి సముద్రాన్ని ఆపారు" అన్నాడు.

"సముద్రాన్ని ఆపడమేమిటి? ఎప్పటికైనా చూడాలి" అనుకున్నాడు పెద్దాయన.

అనుకోగానే అవుతుందా? అప్పులు తీరాలి. పిల్లలు పెరగాలి. పెళ్లిళ్లు చెయ్యాలి. ఏళ్లు గడిచిపోయాయి. ఈలోగా ఊరికి రాత్రిబడి వచ్చింది. పెద్దమ్మ పలక పట్టింది. సంతకం నేర్చింది. కూడబలుక్కుని చదవడం నేర్చింది.

ప్రయాణానికి ఏం కావాలి?

కూతురు బిడ్డకు ఆ దేశంలోనే ఉద్యోగం వచ్చింది. "తాతయ్యా, అమ్మమ్మా, మీరు రండి" అని పిలిచింది. కొడుకు మాత్రం ఒప్పుకోలేదు.

"ఈ వయసులో అంత దూరం ఎందుకు నాన్నా? డబ్బు దండగ" అన్నాడు.

"మూడేళ్ల కౌలు డబ్బు దాచుకున్నాంరా. మా ఒంట్లో ఓపిక ఉండగానే పోవాలి కదా" అన్నాడు పెద్దాయన.

వేరే దేశం పోవాలంటే ముందు పాస్‌పోర్టు కావాలి. అది మన దేశం ఇస్తుంది. తర్వాత వీసా కావాలి. అది పోయే దేశం ఇస్తుంది. ఐరోపాలో 29 దేశాలకు కలిపి ఒకే వీసా ఉంది. దాన్ని షెంగెన్ వీసా అంటారు. ఆ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. యూరో అంటే అక్కడి డబ్బు. వైద్యం కోసం 30,000 యూరోల బీమా కూడా ఉండాలి.

వీసా ఆఫీసులో పెద్దమ్మ తన పేరు తానే రాసింది. తర్వాత పది వేళ్లూ మిషను మీద పెట్టమన్నారు. ఆమెకు చిన్నతనం అనిపించింది.

"నాకు సంతకం వచ్చు బాబూ. మళ్లీ వేలిముద్ర ఎందుకు?" అంది.

"ఇది చదువురాని వాళ్ల వేలిముద్ర కాదమ్మా. మనిషి గుర్తు కోసం. డాక్టరైనా, ప్లీడరైనా వేయాల్సిందే" అన్నాడు అక్కడి కుర్రాడు.

పెద్దమ్మ నవ్వుకుని వేళ్లు పెట్టింది.

గట్టు తగాదా లేని ఊరు

ఆ దేశం అసలు పేరు నెదర్లాండ్స్. పల్లపు నేలలు అని దాని అర్థం. దేశంలో సుమారు నాలుగో వంతు భూమి సముద్రమట్టం కంటే కింద ఉంది. జూన్ నెలలో అక్కడ రాత్రి పది గంటలకు కూడా వెలుతురు ఉంటుంది. "ఇంకా పొద్దే గూకలేదు, అన్నం ఎలా తినను?" అనేవాడు పెద్దాయన.

మనవరాలు వాళ్లను పారిస్ తీసుకుపోయింది. 1889లో కట్టిన ఈఫిల్ టవర్ చూపింది. దాని ఎత్తు 330 మీటర్లు. అన్నీ ఇనుప కమ్ములే.

బార్లే అనే ఊరు కూడా చూశారు. ఆ ఊళ్లో కొంత నెదర్లాండ్స్‌ది, కొంత బెల్జియంది. సరిహద్దు వీధుల మీదుగా, ఇళ్ల మధ్యగా పోతుంది. నేల మీద తెల్లని గుర్తులు వేశారు. కొన్ని ఇళ్లు రెండు దేశాల్లోనూ ఉన్నాయి. వీధి వాకిలి ఎటు ఉంటే ఇల్లు ఆ దేశానిది.

"జానెడు గట్టు కోసం మనం కోర్టులకు తిరుగుతాం. వీళ్లకు దేశం గట్టు నట్టింట్లో ఉంది. అయినా తగాదా లేదు" అన్నాడు పెద్దాయన.

కట్ట కథ

వందల ఏళ్ల నుంచి అక్కడి రైతులు కలిసి కట్టలు వేసుకున్నారు. గాలిమరలతో నీళ్లు తోడి బయట పోశారు. కిండర్‌డైక్ అనే చోట 19 పాత గాలిమరలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు ఆ పని పంపులు చేస్తున్నాయి.

పూర్వం ప్రతి రైతూ తన వంతు కట్ట బాగు చేసుకోవాలి. చేతకాకపోతే కట్టలో పార గుచ్చి, భూమి వదిలి పోవాలి. ఎందుకు? ఒకరి వంతు తెగితే అందరి పొలాలూ మునుగుతాయి. ఇప్పుడు కట్టలనూ కాలవలనూ చూడడానికి నీటి బోర్డులు ఉన్నాయి. జనం ఓట్లు వేసి వాటి సభ్యుల్ని ఎన్నుకుంటారు. అందుకు పన్ను కూడా కడతారు.

అయినా ఒకసారి మోసం వచ్చింది. 1953 జనవరి 31. అదీ శనివారమే. ఆ రాత్రి తుఫానుకు కట్టలు తెగాయి. రాత్రిపూట అక్కడ రేడియో లేదు. జనానికి కబురు అందలేదు. నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. పొలాలు ఉప్పుపట్టాయి. జిప్సం చల్లి నేలను బాగుచేసుకున్నారు.

"మనమూ ఉప్పు నేలకు జిప్సమే వేస్తాం" అన్నాడు పెద్దాయన.

ఆ తర్వాత ఆ దేశం ఊరుకోలేదు. ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పెద్ద పెద్ద అడ్డుకట్టలు కట్టింది. వాటిలో ఒకటి 9 కిలోమీటర్ల పొడవు. దాన్ని 1986లో ప్రారంభించారు. దానికి 62 ఇనుప తలుపులు ఉన్నాయి. మామూలు రోజుల్లో తలుపులు ఎత్తి ఉంచుతారు. ఆటుపోట్లు వస్తాయి, చేపలు బతుకుతాయి. జాలర్ల బతుకూ సాగుతుంది. తుఫాను వస్తే తలుపులు దించుతారు.

పెద్దాయన ఆ కట్ట మీద చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క మాటా మాట్లాడలేదు.

లెక్కలో చేరిన బిడ్డ

అవుఎర్‌కెర్క్ అనే ఊళ్లో 1953 వరద మ్యూజియం ఉంది. కట్టకు పడిన ఆఖరి గండిని ఆ ఊరి దగ్గరే పూడ్చారు. గండిలో దించిన నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెల్లోనే మ్యూజియం పెట్టారు. అక్కడ చనిపోయినవారి పేర్లు తలుచుకుంటారు.

ఒక చోట 1835+1 అని ఉంది. అంకెలు కాబట్టి పెద్దమ్మ చదివేసింది.

"ఈ ఒకటి వేరుగా ఎందుకు రాశారే?" అని మనవరాలిని అడిగింది.

"వరద వచ్చిన రాత్రే ఒక బిడ్డ పుట్టిందమ్మమ్మా. ఆ రాత్రే నీళ్లలో పోయింది. ఆ బిడ్డ పేరు రిజిస్టరుకు ఎక్కలేదు. అందుకే మొదట లెక్కలో లేదు. తర్వాత కలిపారు."

పెద్దమ్మ బెంచీ మీద కూర్చుంది. సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసింది. పెన్ను తీసుకుని మెల్లగా మూడు అక్షరాలు రాసింది. అది ఆమె పెద్ద కొడుకు పేరు. రాత్రిబడిలో తన పేరు రాసింది. ఊరి పేరు రాసింది. ఆ పేరు మాత్రం ఎన్నడూ రాయలేదు.

పెద్దాయన పక్కన కూర్చుని చూశాడు.

"దీర్ఘం పెట్టవే" అన్నాడు.

ఆమె దీర్ఘం పెట్టింది.

మనం తెలుసుకోవలసింది

సముద్రం పక్కన బతికేవాళ్లకు రెండు ఉండాలి. ఒకటి గట్టి కట్ట. రెండు ముందుగా అందే కబురు. 1990 మే నెలలో మన కోస్తాకు మళ్లీ పెద్ద తుఫాను వచ్చింది. ఆసారి ముందే లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ప్రాణనష్టం 1977లో జరిగిన దాంట్లో చాలా తక్కువ.

కట్ట సర్కారు కడుతుంది. దాని మీద మట్టి తవ్వకుండా, మడచెట్లు నరక్కుండా చూసుకోవలసింది ఊరే.

మాట్లాడుకోండి

1. మీ ఊరి చెరువు కట్టను, కాలవ గట్టును ఎవరు చూస్తున్నారు?
2. తుఫాను కబురు మీ ఊరికి ఎలా వస్తుంది? ముసలివాళ్లకు, చంటిబిడ్డల తల్లులకు ఎవరు చెబుతారు?
3. కొడుకు "డబ్బు దండగ" అన్నాడు. మీరేమంటారు?

రాయండి

1. పాస్‌పోర్టు ఎవరు ఇస్తారు? వీసా ఎవరు ఇస్తారు?
2. 1953, 1977, 1986, 1990. ఈ సంవత్సరాల్లో ఏమేం జరిగాయి?
3. మీ ఇంట్లో అందరి పేర్లూ రాయండి. ఇప్పుడు లేనివాళ్ల పేర్లు కూడా రాయండి.