పావు సైజు ఇంజిన్ నేర్పిన పాఠాలు

హైదరాబాద్‌లో ఒక కార్ఖానా టూల్‌రూమ్‌లో 36 ఏళ్లు టర్నర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత లేత్, ఒక చిన్న మిల్లింగ్ మెషిన్ పెట్టుకుని ఏడేళ్లలో ఒకే ఒక్క వస్తువు చేశాను. కాస్‌వర్త్ డీఎఫ్‌వీ రేస్ ఇంజిన్‌కు నాలుగో వంతు నమూనా అది. అద్దాల పెట్టెలో పెట్టే బొమ్మ కాదు, పెట్రోల్ పోస్తే తిరుగుతుంది. చూడ్డానికి వచ్చే ఐటీఐ పిల్లలు అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇవి రాస్తున్నాను.

1. కోసే ముందు ఆ ఇంజిన్ కథ చదవండి.

డీఎఫ్‌వీని ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో కీత్ డక్‌వర్త్ రూపొందించారు. ఖర్చుకు ఫోర్డ్ కంపెనీ లక్ష పౌండ్లు ఇచ్చింది. 1967 జూన్ 4న జాండ్‌వోర్ట్‌లో జరిగిన డచ్ గ్రాండ్ ప్రీలో అది తొలిసారి పందెంలోకి దిగింది. లోటస్ 49 నడిపిన జిమ్ క్లార్క్ ఆ పందెం గెలిచారు. 1983 దాకా ఆ ఇంజిన్ వంశానికి 155 ఫార్ములా వన్ విజయాలు దక్కాయి.

పని చేసేవాడికి అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. లోటస్ 49 కారుకు వెనక వైపు ఫ్రేమ్ లేదు, ఇంజినే ఫ్రేమ్. డ్రైవర్ వీపు వెనక గోడకు ఇంజిన్‌ను బోల్టులతో బిగిస్తారు. వెనక చక్రాల బరువంతా ఇంజిన్ మీదుగానే ముందుకు వస్తుంది. ఇది తెలియక ముందు క్రాంక్‌కేస్ మీద ఉన్న బొడిపెలు అలంకారమనుకుని రెండు వదిలేశాను. తెలిశాక ఆ బ్లాకును పక్కన పడేసి కొత్తది మొదలుపెట్టాను. మూడు నెలల పని పోయింది, పోనీ. ఎందుకుందో తెలియని భాగాన్ని కోయకూడదు.

2. కొలత తగ్గుతుంది, లోహం గుణం తగ్గదు.

అసలు ఇంజిన్‌లో సిలిండర్ బోరు 85.67 మి.మీ., స్ట్రోక్ 64.8 మి.మీ. నా దాంట్లో 21.4, 16.2. పొడవు నాలుగో వంతైతే వైశాల్యం పదహారో వంతు, ఘనపరిమాణం అరవై నాలుగో వంతు. కాబట్టి 2,993 సీసీ కాస్తా సుమారు 47 సీసీ అయింది. లోపల మండే మిశ్రమంతో పోలిస్తే వేడిని లాగేసే గోడ నాలుగింతలు ఎక్కువన్న మాట. పెట్రోల్ చుక్క మాత్రం మన కోసం చిన్నదవదు. నాలుగు మిల్లీమీటర్ల గోడను ఒక మిల్లీమీటరుకు తెస్తే కట్టర్ ఆనగానే వంగిపోతుంది.

అందుకే లోపలి గోడలు కొంచెం మందంగా ఉంచాను. బయటికి కనిపించే గీత ఒక్కటీ మార్చలేదు. ఎనిమిది గాలి గొట్టాల కింద ఇంజెక్షన్ పనిచేయించడానికి ఏడాది ప్రయత్నించి, చివరికి ‘వి’ ఆకారంలో ఉన్న రెండు సిలిండర్ వరుసల మధ్యలో ఒక చిన్న కార్బ్యురేటర్ దాచాను. నమూనా అన్నాక ఇలాంటి రాజీ తప్పదు. అది ఎక్కడ చేశామో దాచకుండా చెప్పాలి.

3. క్రాంక్‌ను తొందరపెట్టొద్దు.

ఎనిమిది సిలిండర్లకు నాలుగు పిన్నులు, ఒక్కో పిన్నుకు రెండు కనెక్టింగ్ రాడ్లు. డీఎఫ్‌వీ క్రాంక్‌లో 1, 4 పిన్నులు ఒక వైపు, 2, 3 పిన్నులు సరిగ్గా ఎదురు వైపు ఉంటాయి. అందువల్ల కడ్డీ రెండు చివర్లా అసలు సెంటరుకు అటు 8.1, ఇటు 8.1 మి.మీ. దూరంలో ఇంకో రెండు సెంటర్లు వేసుకుంటే సరిపోతుంది. చెప్పడం ఇంత తేలిక.

ఈఎన్ 24 కడ్డీ తెచ్చి మొదటి క్రాంక్‌ను రెండు నెలలు కోశాను. చివరి పిన్ను అయ్యాక వి-బ్లాకుల మీద పెట్టి డయల్ ఆనిస్తే ముల్లు 30 గీతలు ఊగింది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. ఆ రాత్రి అన్నం సయించలేదు. తప్పు నాదే. కడ్డీలో అది తయారైన నాటి నుంచి ఒత్తిళ్లు దాగి ఉంటాయి. ఒక పక్క కోసేస్తే రెండో పక్క దాన్ని లాగేస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఫోర్‌మన్ గారు, ‘ఇనుముకు పని చెప్పావు, ఇక కాసేపు నిద్రపోనీరా’ అనేవారు. ఆ మాట విని కూడా మరిచాను.

రెండో క్రాంక్‌ను అన్ని చోట్లా ఒక మిల్లీమీటర్ మిగిల్చి రఫ్‌గా కోశాను. కొలిమిలో 600 డిగ్రీల దాకా ఎక్కించి, అందులోనే రాత్రంతా చల్లారనిచ్చాను. తెల్లారి సెంటర్లు మళ్లీ సరిచూసుకుని ఫినిషింగ్ మొదలుపెట్టాను. కోయడం పూర్తయిన ప్రతి సందులోనూ ఒక ఉక్కు ముక్క సరిగ్గా ఇమిడేలా పెట్టండి. లేకపోతే టెయిల్‌స్టాక్ ఒత్తిడికి ఆ సందు మూసుకుంటుంది. టూల్ సరిగా కోస్తుంటే చప్పుడు నూనెలో వడియం వేగినట్టు సన్నగా వస్తుంది. కీచుమందంటే వెంటనే చెయ్యి ఆపి టూల్‌ను సానపట్టండి. రెండో క్రాంక్‌కు ముల్లు ఒక గీత మించి కదల్లేదు.

4. ముప్పై రెండు వాల్వులంటే ముప్పై రెండు పరీక్షలు.

ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వుల మధ్య కోణం 32 డిగ్రీలు. అందుకని హెడ్‌ను చెరో వైపు 16 డిగ్రీలు వంచి పట్టుకోవాలి. గైడ్ రంధ్రం, సీటు రెండూ ఒకే సెట్టింగులో అయిపోవాలి. మధ్యలో జాబ్ విప్పితే ఆ వాల్వు ఎప్పటికీ కారుతుంది.

రెండు మిల్లీమీటర్ల కాడను పొడవునా ఒకేసారి పల్చగా తీయబోతే టూల్‌కు దొరక్కుండా వంగుతుంది. లావు కడ్డీని పట్టుకుని, కొస నుంచి ఐదైదు మిల్లీమీటర్లే అసలు సైజుకు తెచ్చుకుంటూ వెనక్కి రండి. వెనక లావు ఉన్నంతసేపూ కొస నిలబడుతుంది. అమర్చాక పోర్టులో కిరసనాయిల్ పోసి పది నిమిషాలు చూడండి. సీటు చుట్టూ తడి కనిపిస్తే మళ్లీ ల్యాపింగే.

5. ఎండాకాలంలో తెల్లవారుజామునే కొలవండి.

మే నెలలో మా రేకుల షెడ్డు పొద్దున 27 డిగ్రీలుంటే మధ్యాహ్నానికి 42 దాటుతుంది. ఆ 15 డిగ్రీలకు 100 మి.మీ. అల్యూమినియం దిమ్మ దాదాపు 0.035 మి.మీ. పెరుగుతుంది. ఉక్కు అందులో సగమే పెరుగుతుంది. ఇది తెలియనప్పుడు నా మైక్రోమీటర్‌నే తిట్టుకున్నాను. ఇప్పుడు ఫినిషింగ్ కొలతలన్నీ ఉదయం ఐదున్నరకే తీస్తాను. కొలవబోయే భాగం, కొలిచే సాధనం రెండూ రాత్రి ఒకే బల్ల మీద పడుకోవాలి.

6. విరిగిన ట్యాపుకు పటిక.

బ్లాకులో 1.6 మి.మీ. ట్యాపు విరిగితే గుండె ఆగినంత పనవుతుంది. సుత్తి జోలికి వెళ్లకండి. ముందు బ్లాకులో ఉన్న ఉక్కు భాగాలన్నీ విప్పేయండి. ఒక గిన్నెలో నీళ్లు కాచి, కరిగినంత పటిక వేసి, బ్లాకును అందులో ముంచి సన్నని సెగ మీద ఉంచండి. ఉక్కు ముక్క నుంచి సన్నగా బుడగలు లేస్తాయి. ఆ ద్రావణం ఉక్కును తినేస్తుంది, అల్యూమినియం జోలికి పెద్దగా పోదు. నాకొకసారి రెండు రోజులు పట్టింది. ట్యాపు నల్లటి మడ్డిగా మారి సూదితో గీరితే వచ్చేసింది. మర చెక్కుచెదరలేదు. ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

7. గేర్లను నమ్మి వదిలేయొద్దు.

జాండ్‌వోర్ట్‌లో క్లార్క్ గెలిచిన రోజే, ముందు వరుసలో మొదటి స్థానం నుంచి బయల్దేరిన గ్రాహం హిల్ కారు టైమింగ్ గేర్ దెబ్బతిని ఆగిపోయింది. క్యామ్‌షాఫ్ట్ వాల్వు స్ప్రింగులను నొక్కుతున్నప్పుడు ఒక వైపు, వదులుతున్నప్పుడు ఇంకో వైపు గేర్‌ను తోస్తుంది. తర్వాత డక్‌వర్త్ ఒక గేర్ లోపల మెలితిరిగే సన్నని కడ్డీలు అమర్చి, ఆ కుదుపును అవి మింగేలా చేశారు. నా సైజులో కుదుపు తక్కువ కాబట్టి మామూలు గేర్లతోనే సరిపెట్టాను. కానీ ప్రతి పది నిమిషాల పరుగుకూ కవర్ తీసి పళ్లు చూస్తాను.

8. మొదటి మంట.

ఒక జనవరి ఉదయం తొలిసారి తిప్పాను. ఆరు సిలిండర్లు మండాయి, రెండు మండలేదు. పదకొండు సెకన్లకు ఆగిపోయింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, ‘ఆరు వచ్చాయిగా, మిగతా రెండూ వస్తాయిలెండి’ అంది. హెడ్ విప్పితే రెండు వాల్వులు కారుతున్నాయి. అవి కొత్తగా చేయడానికి నెల పట్టింది. మార్చిలో ఎనిమిదీ మండాయి.

ఆదివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా షెడ్డు తలుపు తీసే ఉంటుంది. నేర్చుకోవాలనుకునే పిల్లలెవరైనా రావచ్చు. మైక్రోమీటర్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే నాది ఇస్తాను.