ఆసియా – పేరు ఒకటి, అక్షరాలు వేరు

మక్తల్ వంటి సరిహద్దు పట్టణాల్లో ముస్లిముల ఇళ్లలో వినిపించేది దక్కనీ ఉర్దూ. కాని తెలుగు బడికి వెళ్లే అమ్మాయి పేరు రిజిస్టరులో తెలుగు లిపిలోనే ఎక్కుతుంది. అక్కడే ‘ఆసియా’ అనే మంచి పేరుకు చిక్కు వస్తుంది. “దైవప్రవక్త (స) ఆ పేరును మార్చారు కదా, మీరూ మార్చండి” అని ఎవరైనా అంటే తల్లిదండ్రులు కలవరపడతారు. ఇందులో నిజమెంతో తెలుసుకుందాం.

హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె ఒకరికి ఆ పేరుండగా, దైవప్రవక్త (స) దాన్ని మార్చి ‘జమీలా’ (అందమైనది) అని పెట్టిన మాట వాస్తవమే. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అయితే ఆ పేరు ‘ఐన్’, ‘సాద్’ అక్షరాలతో రాసేది. దాని అర్థం ‘అవిధేయురాలు’. పాపానికి ఉర్దూలో వాడే ‘మాసియత్’ అనే మాట కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే.

మన అమ్మాయిలకు పెట్టే ‘ఆసియా’ ‘అలిఫ్’, ‘సీన్’ అక్షరాలతో రాసే మరో పేరు. అరబీలో ఈ మాటకు గాయానికి చికిత్స చేసే స్త్రీ అనీ, కట్టడాన్ని నిలబెట్టే స్తంభం అనీ అర్థాలున్నాయి. తెలుగులోకి వచ్చేసరికి రెండు పేర్లూ ఒకే రాత అయిపోయాయి. ఉర్దూ ఉచ్చారణలోనూ తేడా వినబడదు.

ఇది ఫిరౌన్ భార్య పేరు. దివ్య ఖుర్ఆన్ ఆమెను పేరుతో పిలవలేదు. పేరు హదీసుల్లో వచ్చింది. నదిలో కొట్టుకొచ్చిన పసివాడైన మూసా (అలైహిస్సలాం)ను చంపవద్దని అడ్డుపడింది ఆమే (28:9). స్వర్గంలో తన ప్రభువు చెంత ఒక ఇల్లు కావాలనీ, ఫిరౌన్ నుంచి, అతని చేష్టల నుంచి కాపాడమనీ వేడుకున్నదీ ఆమే (66:11). అల్లాహ్ ఆమెను విశ్వాసులందరికీ, స్త్రీలకే కాదు పురుషులకు కూడా, ఆదర్శంగా చూపాడు. పరిపూర్ణత పొందిన స్త్రీలుగా దైవప్రవక్త (స) మర్యమ్‌తో పాటు ఆసియాను పేర్కొన్నారని సహీహ్ బుఖారీలో ఉంది. ఇంతటి గౌరవమున్న పేరును అనుమానంతో వదులుకోవడం ఎందుకు?

తుర్కీలో ఈ పేరు ‘ఆసియె’, మలయ్ భాషలో ‘ఆసియహ్’ అయింది. మనవైపు ఆసియా బేగం, ఆసియా బీ, ఆసియా సుల్తానా అంటారు. భూగోళం పాఠంలో ‘ఆసియా ఖండం’ వచ్చినప్పుడు తోటి పిల్లలు నవ్వితే అమ్మాయి చిన్నబుచ్చుకోనక్కర లేదు. ఖండం పేరు గ్రీకుల నుంచి వచ్చింది. ఉర్దూలో దాన్ని ‘ఏషియా’ అంటారు. రెండింటికీ సంబంధం లేదు.

కనుక తల్లిదండ్రులు చేయవలసింది రెండు పనులు. ఏడవ రోజు అఖీఖా చేసి పేరు పెట్టేటప్పుడే ఉర్దూలో అలిఫ్, సీన్‌లతో సరిగా రాయించి భద్రపరచండి. జనన ధ్రువపత్రం మొదలు బడి రిజిస్టరు వరకు తెలుగులో ఒకే విధంగా, ‘ఆసియా’ అనే రాయించండి. ఒకచోట ‘అసియా’, మరోచోట ‘ఆశియా’ అయితే రేపు ఇబ్బంది పడేది అమ్మాయే.

అన్నిటికంటే ముందు ఆ పేరు వెనుక ఉన్న కథ ఆమెకు చెప్పండి. నిరంకుశుడి ఇంట్లో ఉండి కూడా సత్యాన్ని వదలని స్త్రీ పేరు తనదని ఆమెకు తెలియాలి. అల్లాహ్ మన కుమార్తెలకు ఆ స్థైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.