రాగం పేరేమిటండీ?

కాస్త సంగీతం గురించి చెప్పుకుందాం. కంగారుపడకండి, నేను పాడను.

ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. పిల్లలు చదువులకని హాస్టళ్ళకి వెళ్ళిపోయాక, నలభై మూడేళ్ళ వయసులో, పక్కవీధిలో పాఠం చెప్పే ఒకావిడ దగ్గర సంగీతంలో చేరిందట. సరళీ స్వరాలయ్యాయి, జంట స్వరాలయ్యాయి, గీతాల్లో పడింది. ఆ ఉత్సాహంలో ఊళ్ళో ఓ కచేరీకి వెళ్ళింది. ఆలాపన మొదలయ్యేసరికి ప్రాణం లేచొచ్చి, పక్క సీటావిడతో, "మాయాబజార్‌లో వెన్నెట్లో పడవ మీద పాడుకునే పాటలా లేదూ?" అందట. ఆవిడ ఎగాదిగా చూసి, "సినిమాపాటల చెవులేసుకుని ఇలాంటి చోటికి రాకూడదమ్మా" అని ముఖం తిప్పేసుకుందట. మర్నాటి నుంచీ మన చెల్లెలు పాఠానికి వెళ్ళడం మానేసింది. "అక్కా, నాబోటిదానికి ఇవన్నీ ఎందుకు?" అని ఉత్తరం ముగించింది.

ఒసే పిచ్చిదానా! ఆ పడవపాట మోహన రాగం. ఆ కచేరీలో పాడిందీ మోహనే అయ్యుంటుంది. రాగం పేరు తెలియకుండానే నువ్వు రాగాన్ని పట్టుకున్నావు. ఆ హాల్లో కూర్చున్న రసికులు మాత్రం చేసేదేమిటి? ఆలాపన మొదలవగానే కళ్ళు మూసుకుని, లోపల్లోపల తమకి తెలిసిన కీర్తన ఒకటి పాడుకుని, ఇదీ అదీ ఒకటేనా అని పోల్చుకుంటారు. వాళ్ళు త్యాగరాజ కృతితో పోల్చుకున్నారు, నువ్వు ఘంటసాలవారి పాటతో పోల్చుకున్నావు. వాళ్ళు నోరు విప్పలేదు, నువ్వు విప్పావు. నీ నేరమల్లా అదే!

నేనూ తిన్నాను ఇలాంటి దెబ్బ. తిన్నానని ఊరుకుంటే సగమే చెప్పినట్టు, కొట్టాను కూడా. విను.

చాన్నాళ్ళ కిందట డిసెంబరులో మద్రాసులో మా ఆడపడుచు ఇంట్లో దిగాను. సంగీతం సీజను కదా, పొద్దున ఒక సభ, సాయంత్రం ఒక సభ, మధ్యలో క్యాంటీన్ పొంగలి. ఒకరోజు కుర్రవాడెవరో త్యాగరాజ కృతి ఎత్తుకున్నాడు. గొంతు బంగారం. కానీ 'దయ' అనాల్సిన చోట 'తయ' అన్నాడు, 'భ' ఎక్కడొచ్చినా 'ప' చేశాడు. నాకు నవ్వాగలేదు. నవ్వితే నవ్వాను, పక్కన కూర్చున్న పట్టుచీర మామికి వినపడేటట్టు నవ్వాను. మా భాష, మా త్యాగయ్య, నీకేం తెలుసు అన్న ధీమా! ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. తొడ మీద తాళం వేస్తున్న నా చేతి వైపు చూసింది. పాట ఏడక్షరాల మిశ్రచాపులో నడుస్తూంటే నేను ఎనిమిదక్షరాల ఆదితాళం దబదబా వాయించేస్తున్నాను. "ఆంధ్రావా?" అని అడిగింది. అవునన్నాను. "అదే అనుకున్నాను" అని మళ్ళీ వేదిక వైపు తిరిగిపోయింది. అంతే. ఆ పూట పొంగలి గొంతు దిగలేదు నాకు.

రాత్రి మా ఆడపడుచు చెప్పింది: తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నింటికీ ఒకటే అక్షరం. త, థ, ద, ధ లకీ అంతే. పుస్తకంలో తమిళ లిపిలో రాసుకున్న తెలుగు పాటని ఆ పిల్లవాడు ఊహించి పలకాలి. తనది కాని భాషలో వందల పాటలు నోటికి నేర్చాడు. మరి నేనో? త్యాగయ్య మావాడని గర్వపడటానికి ఖర్చేమీ లేదు కనక గర్వపడ్డాను. ఆయన పుట్టింది తిరువారూరు, ఉన్నది తిరువయ్యారు, రెండూ తమిళదేశమే.

మా ఆడపడుచే ఇంకో సంగతీ చెప్పింది. 1940ల్లో తమిళులకి ఒళ్ళు మండిందట. మా ఊళ్ళో, మా డబ్బుతో నడిచే సభల్లో కచేరీ అంతా తెలుగు పాడి, తమిళ పాటని చివర పాడే చిన్నచిన్న తుక్కడాల్లోకి తోస్తారేమిటని ఉద్యమం లేవదీశారు. అన్నామలై చెట్టియార్ పూనుకుని 1943లో మద్రాసులో తమిళ్ ఇసై సంగం పెట్టించారు. పెద్ద పెద్ద విద్వాంసులు కొందరు, సంగీతానికి భాషేమిటని దాన్ని వ్యతిరేకించారు. ఎప్పుడూ మనల్నే ఎవరో చిన్నచూపు చూస్తున్నారనుకుంటాం కానీ, మన తెలుగు పీట మీద కూర్చుని, ఇంటివాళ్ళ భాషని గుమ్మంలో నిలబెట్టిన రోజులూ ఉన్నాయర్రా.

ఇక మా మేనమామ సంగతి. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఊళ్ళో 'పెట్టె మామయ్య' అనేవారు. పద్యం చివర నటుడు రాగం తీస్తూ ఎంత దూరం వెళ్ళినా మామయ్య వేళ్ళు వెనకే వెళ్ళేవి. జనం వన్స్‌మోర్ కొడితే మళ్ళీ అంత దూరమూ వెళ్ళేవి. అదే మామయ్య పెళ్ళిళ్ళలో సంగీతం తెలిసిన బంధువుల మధ్య కూర్చుంటే నోరెత్తేవాడు కాదు. "పెట్టెకి గమకం ఎక్కడిదోయ్!" అనేవారు వాళ్ళు.

ఆ మాటలో అబద్ధం లేదు. హార్మోనియం మెట్టు నొక్కితే ఒక స్వరం, పక్క మెట్టు నొక్కితే ఇంకో స్వరం. రెంటి మధ్యా జారడానికి, ఊగడానికి దానికి వీల్లేదు. కానీ ఆ లోటు చూపించి ఏం చేశారో చూడండి. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గడప తొక్కనివ్వమంది. రవీంద్రనాథ్ టాగూరుకీ ఆ వాద్యం గిట్టేది కాదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆ నిషేధం నడిచింది. దేశంలో గుళ్ళోనూ, నాటకంలోనూ, భజనలోనూ, ఆడపిల్ల పాటకి శ్రుతి పట్టే మధ్యగదిలోనూ ఉన్న పెట్టె రేడియోకి మాత్రం అంటరానిదైంది. విదేశీ వాద్యమని కూడా అన్నారు. మరి ఫిడేలో? అదీ సముద్రం దాటి వచ్చిందే కదా! ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు రెండువందల ఏళ్ళ కిందట దాన్ని నేర్చి మన సంగీతంలోకి దింపారు. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది పక్కవాద్యం పీట దిగి, ఒంటరిగా కచేరీ చేసింది. ఫిడేలుకి గమకం వచ్చు కనక మనదైపోయింది, సరే. అంతమాత్రాన మా మామయ్య తలొంచుకు కూర్చోవాలా?

తరవాత సినిమాపాట వంతు. 1952లో కేస్కర్‌గారు సమాచార ప్రసారాల మంత్రి అయ్యాక, జనానికి శాస్త్రీయ సంగీతం అలవాటు చెయ్యాలని రేడియోలో సినిమాపాటలకి కత్తెర వేశారు. జనం ఏం చేశారు? చెయ్యి చాపి రేడియో ముల్లు తిప్పారు. రేడియో సిలోన్ పలికింది. మా అమ్మ ఆ స్టేషను కోసం రేడియో మీద చెవి పెట్టి, గరగరలో పాట వెతుక్కునేదిట. చివరికి 1957లో వివిధభారతి పెట్టక తప్పలేదు. పైనున్నవాళ్ళు మన మేలు కోరి పెట్టే పథ్యం ఇలాగే ఉంటుంది.

మన ఆడవాళ్ళ మాటకొస్తే, బెంగుళూరు నాగరత్నమ్మగారొక్కరు చాలు. తన సంపాదనంతా పోసి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించారు. ఆరాధనలో ఆవిణ్ణి పాడనివ్వలేదు, ఆడది కనక, అందులోనూ దేవదాసి కనక. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. ఆడవాళ్ళని కూడగట్టుకుని సమాధి వెనక వైపు వేరే ఆరాధన నడిపారు. అందరూ ఒకటవడానికి 1941 దాకా పట్టింది. కట్టించినావిడే వెనకవైపు కూర్చోవలసొచ్చిందంటే, చెల్లీ, నీ పక్క సీటావిడ ఏపాటి?

ఇప్పుడు నా నేరం చెబుతాను. మా ఇంట్లో పని చేసే రమణమ్మ (అసలు పేరు అది కాదులెండి) అంట్లు తోముతూ పాడేది. సినిమాపాటలు, దేవుడిపాటలు, మధ్యలో తనే కట్టుకున్న ముక్కలూ. ఒకరోజు టీవీలో కచేరీ వస్తోంది, భైరవి ఆలాపన మంచి ఊపులో ఉంది. "కాస్త ఆపవే, లోపల సంగీతం వస్తోంది" అన్నాను. ఆపేసింది. ఆ పూటకే కాదు, మొత్తానికే ఆపేసింది. నేను గమనించనైనా లేదు. వారం రోజులకి మావారు, "పెరట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడ్డంలేదే?" అన్నారు. అప్పుడు తట్టింది, నేనన్న మాటలో 'నీది సంగీతం కాదు' అని ఉందని.

క్షమించమని అడగడానికి నోరు రాలేదు. రమణమ్మ వచ్చే వేళకి టీవీ కట్టేయడం మొదలుపెట్టాను. నాలుగో రోజున గుమ్మంలోకి తల పెట్టి, "టీవీ పాడైందామ్మా?" అంది. "ఊఁ" అన్నాను. ఇంకో రెండు రోజులకి పెరట్లోంచి సన్నగా ఏదో వినపడింది. శ్రుతి నిలవలేదు. తాళం సంగతి నేను మాట్లాడకూడదు.

చెల్లీ, నీ పాఠం చెప్పే ఆవిడ జంట స్వరాలు యాభైసార్లు పాడిస్తే కోపం తెచ్చుకోకు. "గాంధారం తప్పింది, మళ్ళీ" అంటే మళ్ళీ పాడు. ఆవిడ నీ గాంధారాన్ని అంటోంది, నిన్ను కాదు. సోమవారం వెళ్ళి, జ్వరం వచ్చిందని అబద్ధం చెప్పి, చాప మీద నీ చోట్లో కూర్చో.

పుష్య బహుళ పంచమికి మా ఊళ్ళోనూ త్యాగరాజ ఆరాధన చేస్తారు. వీలైతే రా, నా పక్కన సీటు ఉంచుతాను. మోహన వస్తే పడవపాట సంగతి ఈసారి నేనే పైకి అంటాను. మిశ్రచాపు వస్తే మాత్రం నా చేతి వైపు చూడకు.